ఇంటి ముచ్చట: మంచం కింది ఆలుగడ్డలు

పోయిన ఏడాది మార్చి ఆఖరున ఒక పొద్దున మా ఇంట్ల వాసన మొదలైంది. ఎలుక చచ్చిందనుకున్నం. బీడీల చాట పక్కకు పెట్టి మూలమూల వెతికిన. అల్మారీ వెనక చూసిన, మోరీ కాడ చూసిన, ఏం దొరకలే. రెండో నాటికి వాసన ఇంకింత ముదిరింది. మా ఆయన నిచ్చెన వేసి అటక మీదికి ఎక్కిండు. ఎక్కినోడు ఎక్కినట్టే ముక్కు మూసుకొని దిగిండు. "ఎలుక గాదే, మన ఆలుగడ్డలు" అన్నడు.

రెండు యూరియా సంచులు. మూతి బిగ్గట్టి, పైకప్పు పత్రా కింద, మా చేతులతోనే పెట్టినం. విప్పితే లోపలంత తడి. అడుగున ఉన్న గడ్డలు పట్టుకుంటే చేతిలనే పిసికిపోయినయి. ఇంకొన్ని పైకి నున్నగ, గట్టిగ, మంచిగనే ఉన్నయి. కోసి చూస్తే నడిమిట్ల బొగ్గులెక్క నలుపు. 92 కిలోల పంటల ఆ రోజు మేము ఏరుకున్నది 40 కిలోలకు తక్కువే.

మా జాగ సంగతి ఈ శీర్షిక చదివేటోళ్లకు కొత్త కాదు. షోలాపూర్ పేటల కిరాయి అర్ర విడిచి ఊరి బయట కాలనీకి వచ్చినంక, ఇంటి పక్క మా బావ కొని పెట్టుకున్న అర గుంట ఖాళీగ ఉండె. నల్లరేగడి. ఆలుగడ్డకు రేగడి అంత నప్పదు. తడిస్తే బంకయితది, ఎండితే నెర్రెలు వారి గడ్డను బిగవడతది. అందుకని ఎర్రమన్ను, ఇసుక, మాగిన పెంట కలిపి బోదెలు వేసినం. దీపావళి వెళ్లినంక 12 కిలోల విత్తనం పెట్టినం. శివరాత్రి నాటికి 92 కిలోలు! మిల్లు భోంగా విని పెరిగినోళ్లం, మట్టిల చెయ్యి పెట్టినోళ్లం కాదు. మొదటి గడ్డ బయటికి రాంగనే మా చిన్నది దాన్ని పట్టుకొని కాలనీ అంత తిరిగొచ్చింది.

ఆ పంట మీద నేను పెట్టుకున్న లెక్క వేరే ఉండె. ఎండకాలం మా ఆయన పనిచేసే కార్ఖానల సాంచాలు వారం అంత నడువయి. నాలుగు రోజులు నడిస్తే మూడు రోజులు బంద్. తువ్వాలల మాలు కదులుతలేదంటరు, సూత్ ధర పెరిగిందంటరు, కారణం ఏదైతేంది, పగారు మాత్రం సగానికి వస్తది. అదే టైముకు కూరగాయలు మండిపోతయి. బడి తెరిచే ఖర్చు ముందట నిలవడి ఉంటది. శివరాత్రికి తవ్విన గడ్డ మే నెల దాక నిలిస్తే రెండు నెలలు కూరకు ఎతుక్కునే పని లేదనుకున్న. సగానికి ఎక్కువ పెంటకుప్పల పోసినప్పుడు, దానికి ఎన్ని వేల బీడీలు చుట్టాలెనో లెక్క వేసుకుంట కూసున్న. మీరు గూడ వేసుకోండి, మీకు తెల్వదా.

అక్కడితోటి అయిపోతే ఈ ముచ్చట రాసేదాన్ని కాదు.

మిగిలిన గడ్డలు తడి తగిలినయి గదా, మంచిగ ఆరనియ్యాలె అని వాకిట్ల సాయబానుల చాప పరిచి పోసినం. ఎండ పడకుంట చూసినం గని వెలుతురు సంగతి మాకు ఎరుక లేదు. పది పన్నెండు రోజులల్ల సగం గడ్డల మీద పచ్చ రంగు తిరిగింది. నాకెందుకో అనుమానం వచ్చింది. పారేద్దామన్న.

మా అత్తమ్మ ఒప్పుకోలే. ఆమెది 72 కరువు చూసిన ప్రాణం. అప్పుడు పదేండ్ల పిల్ల. మిల్లు కార్మికుని బిడ్డ అయినా రేషన్ దుకాణం ముందట తెల్లారుజామున లైను కట్టి, అమెరికా నుంచి వచ్చిన ఎర్ర మిలో జొన్న తెచ్చుకొని రొట్టె చేసుకున్నరు. ఆ రొట్టె ఎట్లుండేదో ఇప్పటికీ మూతి ముడిచి చెప్తది. "ఆకు పచ్చగుంటె తింటవు, గడ్డ పచ్చగయితే పారేస్తవా?" అన్నది. నాకు జవాబు రాలే. పచ్చ గడ్డలే ఏరి, పైపైన పొట్టు గీకి, కారం దట్టంగ వేసి వేయించింది. కొంచెం చేదుగ, గొంతుల గీరినట్టు అనిపించింది. కారం ఎక్కువైందనుకున్నం. పెద్దోళ్లం తక్కువే తిన్నం. చిన్నదానికి ఆలుగడ్డ వేపుడంటే పాణం, రెండోసారి పెట్టించుకున్నది.

రాత్రి పది దాటినంక దానికి కడుపుల నొప్పి, వాంతులు. పన్నెండింటి దాక ఆగలే. ఆటోల వేసుకొని దవాఖానకు ఉరికినం. సలైన్ ఎక్కించిన్రు. ఏం తిన్నదని డాక్టరమ్మ అడిగితే ఆలుగడ్డ కూర అన్న. "పచ్చగయినవా?" అని ఆమెనే అడిగింది. తెల్లారెవరకు బిడ్డ కుదుటపడ్డది. మా అత్తమ్మ మాత్రం ఆ రాత్రి మంచం కాడి నుంచి లేవలే, ఎవరితోని మాట్లాడలే. నేను గూడ ఆమెను ఒక్క మాట అనలే. అననందుకు ఇప్పటికీ మంచిగనే అనిపిస్తది, ఎందుకంటే చేదు నాకు గూడ తగిలింది, నేను గూడ ఊకున్న.

అక్కలారా, ఈ పచ్చ సంగతి ఇంటింటికి తెలవాలె. ఆలుగడ్డ వేరు కాదు, భూమి లోపల ఊరిన కాండం. వెలుతురు తగిలితే ఆకులెక్కనే పచ్చబడ్తది. ఆ పచ్చదనం ఒక్కటే అయితే ఏం కాదు, అది ఆకుల ఉండేదే. కాని ఆ వెలుతురుకే గడ్డల సొలనిన్ అనే విషం గూడ పెరుగుతది. ఉడకబెట్టినా పోదు, నూనెల వేయించినా పోదు. కారం వేస్తే చేదు తెలవదు, అంతే. వెలుతురంటే ఎండనే కాదు, ఇంట్ల రాత్రంత వెలిగే ట్యూబ్‌లైటు గూడ చాలు. మొలకలల్ల, కండ్ల కాడ ఈ విషం ఇంకా ఎక్కువ. గోరంత జాగల పచ్చగుంటే పొట్టుతోపాటు మందంగ కోసి తీసి మిగతాది వండుకోవచ్చు. లోపలి దాక పాకితే, నాలుకకు చేదు తగిలితే, అది ఎంత పెద్ద గడ్డయినా తినొద్దు. మేకకు వేస్తమంటరు కొందరు. మేకకు గూడ మంచిది కాదు.

మరి అటక మీద నలుపు ఎందుకయింది? ఇది మాకు మా వెనక గల్లీల ఉండే మావశి చెప్తే తెలిసింది. ఆమెది పూణె జిల్లా మంచర్ దిక్కు. అటు ఆలుగడ్డ పెద్ద పంట. మా పెంటకుప్పల గడ్డలు చూసి, ఒకటి తీసి పలగ్గొట్టి, "హే గుదమరలే" అన్నది. ఊపిరాడక పోయింది అని.

తవ్వి తీసినంత మాత్రాన ఆలుగడ్డ చచ్చిపోదు. ఊపిరి తీసుకుంటనే ఉంటది, వేడి విడుస్తది, నీళ్లు విడుస్తది. ఎండ ముదిరిన కొద్ది దాని ఊపిరి జోరవుతది. షోలాపూర్ ఎండల పత్రా కింది అటక అంటే పొయ్యి మీద పెట్టినట్టే. ప్లాస్టిక్ సంచి మూతి కట్టేస్తే లోపలి గాలి అయిపోతది, గడ్డ నడిమి భాగానికి గాలి అందదు, అక్కడ నల్లబడి చస్తది. పైకి ఏం కనవడదు. విడిచిన నీళ్లు సంచిల నుంచి బయటికి పోవు. ఆ తడికి ఒక్కటి కుళ్లితే పక్కది, దాని పక్కది. మనకేమో ఇంట్ల ఏ సామాను ఎక్కువైనా అటక మీదికి ఎక్కించే అలవాటాయె. పండుగ గిన్నెలు, పాత చద్దర్లు పెట్టొచ్చు. గడ్డలు మాత్రం పెట్టొద్దు.

మావశి వాళ్ల ఊళ్లె తవ్విన ఆలుగడ్డలను చెట్టు నీడకు కుప్ప పోసి, మీద గడ్డి, చెరుకు ఆకు మందంగ కప్పుతరట. దాన్ని ఆరణ్ అంటరు. ధర వచ్చేదాక అందులనే ఉంచుతరు. వెలుతురు పడదు, గాలి ఆడుతది, నీడ చల్లదనం ఉంటది. "మీ ఇంట్లనే చిన్న ఆరణ్ చేసుకోరాదు?" అన్నది. చెట్టు నీడ మాకెక్కడిది? కాలనీల మొక్కలు ఇంకా నా మెడకాడికి గూడ రాలే. ఇంట్ల చీకటిగ, చల్లగ, గాలి ఆడేటట్టు ఉండే జాగ ఏదని చూస్తే అందరి కండ్లు మంచం మీద పడ్డయి.

అది మా మామ మంచం. మిల్లు నడిచిన రోజులల్ల దీపావళి బోనస్ వస్తే చేయించుకున్నడు, టేకుది. నలుగురు మోస్తేగాని కదలదు. మిల్లు మూతవడ్డంక ఎన్నో ఏండ్లు దాని మీద కూసొనే బకాయి పైసల కాయితాలు ముందటేసుకొని చదివేటోడు. ఇప్పుడు అత్తమ్మ పడుకుంటది. కింద శాబాదు బండ, మే నెలల గూడ పాదానికి సల్లగ తగుల్తది. మంచం గోడకు ఆనుకొని, కిటికీకి దూరంగ ఉంటది. ఇంతకన్న మంచి గోదాము మా ఇంట్ల లేదు.

ఈ ఏడాది పని తవ్వకముందు నుంచే మొదలువెట్టినం. నిలువ సంగతి అంత గడ్డ భూమిల ఉన్నప్పుడే సగం తేలిపోతది. సిద్ధేశ్వరుని జాత్ర అయినంక రెండు తడులే ఇచ్చినం. జనవరి ఆఖరుకు నీళ్లు పూర్తిగ బంద్. ఆకు పసుపు తిరుగంగనే మొక్కలను భూమికి సమానంగ కోసేసినం, గడ్డలను మాత్రం లోపలనే ఉంచినం. మా ఆయనకు ఆగవట్టలే, "కోసినంక ఇంకేం చూస్తున్నవ్?" అని రోజు అడుగుడే. పన్నెండు రోజులు ఆపిన. భూమిల ఉండంగనే పొట్టు ముదరాలె. రెండు గడ్డలు తీసి బొటనవేలుతోని గట్టిగ రుద్ది చూడండి. పొట్టు లేచివస్తే ఇంకా లేత, ఇంకో నాలుగు రోజులు ఆగండి. లేత పొట్టు గడ్డ ఎంత మంచి జాగల పెట్టినా నిలువదు, వాడిపోతది, దెబ్బకు తట్టుకోదు. పోయినసారి మేము మొక్క పచ్చగ ఉండంగనే, తడి భూమిల తవ్వినం. నాకిప్పుడు తెలుస్తంది, ఆ పంట అటక ఎక్కకముందే సగం పోయినట్టే.

శివరాత్రి ముందర ఒక ఆదివారం పొద్దున్నే, ఎండ ఎక్కకముందు తవ్వినం. గడ్డపారతోని కాదు, బోదె పక్కనుంచి చిన్న పారతోని లేపి, మిగతాది చేత్తోని. గంపలల్ల విసిరేసుడు బంద్ పెట్టిన. పిల్లలకు ముందే చెప్పిన, గుడ్లు పెట్టినట్టు పెట్టాలె అని. చిన్నది నిజంగనే ఒక్కొక్కటి రెండు చేతులతోని పెట్టుకుంట పొద్దుగాల అంత గడిపింది. ఈసారి 84 కిలోలు. పోయినసారి కన్న తక్కువే, నేనేమీ బాధపడలే.

కడుగలే. ఇది చాన మందికి కష్టం, మట్టి చూస్తే మన ఆడోళ్లకు చెయ్యి ఆగదు. నీళ్లు తగిలితే కుళ్లుకు దారి చేసినట్టే. ఆరినంక చేత్తోని దులిపితే రాలేంత మట్టి రాలుతది, మిగతాది ఉండనీ.

తర్వాత రెండు వారాలు ఆలుగడ్డకు దవాఖాన. తవ్వేటప్పుడు తగిలిన గీతలు, చిన్న దెబ్బలు మానాలంటే నీడ కావాలె, గాలి కావాలె, మరీ పొడి వేడి ఉండొద్దు. ఫిబ్రవరి మన దగ్గర దానికి సరిగ్గ కుదిరే నెల, రాత్రులు ఇంకా సల్లగనే ఉంటయి. వెనక అర్రల గోనెబట్ట పరిచి ఒకటి రెండు వరుసల పోసి, మీద పాత సుతిల్ బోరాలు కప్పి చీకటి చేసినం. గాయం మీద మనకు పక్కు కట్టినట్టే గడ్డకు గూడ కొత్త పొట్టు కడ్తది. అది కట్టకముందు కుప్ప పోస్తే కుళ్లు అక్కడి నుంచే దూరుతది.

రెండు వారాలకు అందరం కూసొని ఏరినం. పార తగిలి తెగినవి, చీలినవి, గోలీలంత చిన్నవి, కొంచెం మెత్తగ అనిపించినవి, కలిపి 15 కిలోలు అయినయి. వాటిని నిలువకు పెట్టలే. ఉగాది దాక అవే తిన్నం, పక్కింటోళ్లకు ఇచ్చినం. మంచివి మంచం కిందికి, మిగిలినవి పొయ్యి మీదికి. మా ఇంట్ల ఎప్పుడూ ఉల్టా జరిగేది, మంచివి ముందు వండుకొని దెబ్బ తగిలినవి తర్వాత చూద్దామని దాచేది. ఆ తర్వాత అనేది రాదు.

మంచం కింద బండ మీద ఇటుకలు, ఇటుకల మీద పాత చెక్క పట్టీలు, వాటి మీద జొన్న చొప్ప. అంటే గడ్డల కిందినుంచి గూడ గాలి పోతది. చొప్ప మీద 69 కిలోలు, జానెడు ఎత్తు కన్న ఎక్కువ లేకుంట పరిచినం. మీద మళ్ల ఎండిన ఆకులు. ఆకులెందుకంటే, ఒక చిన్న బూడిద రంగు పురుగు ఉంటది, చిమ్మెటలెక్క. గడ్డ కండ్ల కాడ గుడ్లు పెడ్తది. పురుగు లోపలికి సొరంగం తవ్వుకుంట పోతది, కండ్ల కాడ నల్లటి పిప్పి కనవడుతది. దక్కన్ దిక్కు ఇది ఆలుగడ్డకు పెద్ద శత్రువు. 1906 కాడ ఇటలీ నుంచి తెచ్చిన విత్తనపు గడ్డలతోని బొంబాయి ఇలాకాకు వచ్చిందని చెప్తరు. నీలగిరి చెట్టు ఎండుటాకులు గాని, మరాఠోళ్లు ఘాణేరి అనే రంగురంగుల పూల ముళ్లపొద ఉంటది గదా, దాని ఎండుటాకులు గాని రెండు వేళ్ల మందం కప్పితే ఆ వాసనకు పురుగు దగ్గరికి రాదు. మా రోడ్డు పక్క నీలగిరి చెట్లున్నయి, పిల్లలు రెండు సంచులు ఏరుకొచ్చిన్రు. మందులు చల్లుడు వద్దే వద్దు, తినే గడ్డ మీద, అదీ మనుషులు పడుకునే మంచం కింద!

మంచం చుట్టూ కింది దాక పాత షోలాపూరి చద్దర్లు వేలాడదీసినం. చినిగిపోయి కప్పుకోవడానికి పనికిరానివి. వెలుతురు ఆగింది, నూలుబట్ట గనుక గాలి ఆగలే. ప్లాస్టిక్ పర్దా అయితే మళ్ల పాత కథే అయ్యేది. ఎలుకలకు సన్నజాలి అడ్డం కొట్టిండు మా ఆయన.

ఏప్రిల్ నుంచి ఎండ 40 దాటింది, మే నెలల 43, 44 గూడ చూసినం. పగలు కిటికీ మూసి, రాత్రి అందరు పడుకునేముందు తెరిచినం. సల్లగాలి వచ్చేది రాత్రే. చద్దర్ల కింది అంచు ఇసుక పోసిన బేసిన్లల్ల మునిగేటట్టు పెట్టి ఇసుకను తడుపుకుంట వచ్చినం. బట్ట తడి ఆరినంత సేపు లోపల చల్లదనం. ఒక్కటి గుర్తు పెట్టుకోవాలె, తడి చద్దరుకే, గడ్డకు చుక్క తగులొద్దు. తడి బట్ట గడ్డలకు రెండు జానల దూరం ఉండేటట్టు చూసుకున్న.

ఉల్లిగడ్డలు గూడ అక్కడనే పెడదామని అత్తమ్మ అన్నది. మన షోలాపూర్‌ల ఉల్లి లేని ఇల్లు ఉండదు, మార్కెట్ అంతా ఉల్లే. కాని రెండింటికి పడదు. ఆలుగడ్డ విడిచే తడి ఉల్లిగడ్డకు తగిలి అది కుళ్లుతది. ఉల్లికి పొడి, గాలి, పైన వేలాడగట్టుడు. ఆలుగడ్డకు చీకటి, కింద, కొంచెం తేమ గాలి.

వారానికి రెండుసార్లు అత్తమ్మ బ్యాటరీ లైటు పట్టుకొని చద్దరు లేపి, ముందుగాల వాసన చూసేది. కండ్ల కన్న ముక్కు ముందు చెప్తది. మెత్తబడ్డది కనవడితే దాన్ని, దానికి ఆనుకున్నవాటిని తీసి వేరే పెట్టాలె. కుప్ప అంత తిరగవేయొద్దు, తిరగేసినప్పుడల్లా కొత్త దెబ్బలు తగులుతయి. చూసుడు అయిపోంగనే లైటు బంద్ చేసేది, "దానికి దీపం పడదు" అని మాకు చెప్పుకుంట. ఏప్రిల్‌ల ఒకరోజు గోడ మూలకు దొర్లిపోయిన గడ్డ ఒకటి దొరికింది. చద్దరు సందుల నుంచి వెలుతురు పడి ఒక పక్క అంత పచ్చబడ్డది. పెద్దది, పావుకిలో ఉంటది. నేను బీడీలు కడుతున్న, చూస్తనే ఉన్న. అత్తమ్మ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. లేచిపోయి పెంటకుప్పల వేసి, మీద మట్టి కప్పి వచ్చింది.

ఇగ లెక్క. 69 కిలోలల్ల కుళ్లి, పురుగు పట్టి పారేసినవి మూడు నెలలల్ల 7 కిలోలు. నీళ్లు ఆరి బరువు తగ్గింది ఇంకో 5, 6 కిలోలు ఉంటది, అది ఆపలేం. మిగతాది అంత మా కూర కుండల పడ్డది. మావశికి మూడు కిలోలు ఇచ్చిన, తన ఊరి పద్ధతికి ఫీజు అన్న. నవ్వింది. సాంచాలు సగం నడిచిన వారాలల్ల ఈసారి కూరగాయల బండి దగ్గర బాకీ పెట్టలే.

మే తర్వాత ఎందుకు నిలువలేదంటే, నిలువది. తవ్వినంక ఆలుగడ్డ రెండు, రెండున్నర నెలలు నిద్రపోతది. నిద్ర లేస్తే మొలకలు. ఏప్రిల్ ఆఖరు వారంల మాయి లేచినయి. చిన్న మొలక ఉండి గడ్డ గట్టిగ ఉంటే మొలకను కండ్లతో సహా లోతుగ తీసేసి వండుకోవచ్చు. మొలక వేలంత పొడుగై గడ్డ ముడుతలు వడితే వద్దు. మేము నిద్ర లేసినయి చూసి తినే జోరు పెంచినం, మే ఇరవై దాటేసరికి అయిపోగొట్టినం. ఇంకా ఆశకు పోయి జూన్ దాక ఉంచితే మళ్ల పారేసుడే. నెలలకు నెలలు ఉంచాలంటే శీతల గోదాములే దిక్కు, కాని మన ఒక్క బస్తాకు ఆటో కిరాయి గూడ ఎల్లదు. ఫ్రిజ్‌ల పెడ్తమని కొందరంటున్నరు. అంత చల్లదనంల గడ్డలోని పిండి చక్కెరయితది, కూర తియ్యగుంటది, వేయిస్తే నల్లబడ్తది. పైగా ఫ్రిజ్ ఉన్న ఇంట్ల దాంట్ల ఆలుగడ్డలకు జాగ ఎక్కడిది!

విత్తనానికి దాచుకోవచ్చా అని నాలుగు ఉత్తరాలు వచ్చినయి. విత్తనం గడ్డ సంగతి ఉల్టా. దానికి చీకటి కాదు, ఎండ పడని పలుచని వెలుతురు మంచిది. పచ్చబడితే మొలక పొట్టిగ, బలంగ వస్తది. తినేది కాదు గనుక విషం భయం లేదు, కాకపోతే పిల్లల చేతికి అందకుంట, తినేవాటితోని కలువకుంట పెట్టాలె. నేను పోయిన ఏడాది రెండు కిలోలు కిటికీ పక్కన తట్టల పెట్టి చూసిన. మన దగ్గర ఫిబ్రవరి నుంచి దీపావళి దాక అంటే ఎనిమిది నెలలు, నడుమ ఆ ఎండ. ఆగస్టుకే ఖజూరాలెక్క ఎండిపోయినయి. అదీగాక ఏటేటా అదే గడ్డ పెడితే తెగుళ్లు దాంట్లనే పేరుకుంటయి. విత్తనం కొత్తది కొనుడే మంచిది. మేము తెచ్చేది జ్యోతి రకం. కుఫ్రి జ్యోతి అని సంచి మీద రాసి ఉంటది, కుఫ్రి అంటే సిమ్లా దగ్గరి ఊరు, మన దేశపు ఆలుగడ్డ రకాలకు చాన వాటికి ఆ పేరే ముందట ఉంటది.

భివండి నుంచి ఒక చెల్లె రాసింది, "అక్కా, మాకు పంట లేదు, మార్కెట్ల పది కిలోలు ఒక్కసారి కొంటం, వారంల మెత్తబడుతున్నయి" అని. చెల్లే, మీ దిక్కు సముద్రపు గాలి, తడి ఎక్కువ. నువ్వు చద్దరు తడుపుడు, ఇసుక తడుపుడు ఏం చెయ్యకు. కొన్న రోజే ప్లాస్టిక్ సంచిల నుంచి తీసి, దెబ్బ తగిలినవి ఏరి ఆ రెండు రోజులల్ల వండుకో. మిగతావి వెదురు గంపల పాత సుతిల్ బోరా పరిచి పోసి, మీద ఇంకో బోరా కప్పి, పొయ్యికి దూరంగ నేలకు ఇటుకెత్తున పెట్టు. వానకాలం వస్తంది గనుక పది కిలోలు కాదు, నాలుగే కొను. కొనేటప్పుడు దుకాణం బల్బు కింద కుప్ప పోసి పెట్టిన పై వరుసవి తీసుకోకు. లోపలి నుంచి తియ్యమను, ఏమన్న అనుకోనీ.